గోడ, గుంట, గాబు

దోమల గురించి ప్రజల్లో అవగాహన లేదు. ఈ మాట వినని తెలుగువాళ్లు ఉండరు. వానలు మొదలవగానే పేపర్ల జిల్లా పేజీల్లో, ఆరోగ్యశాఖ సమీక్షల్లో, ఆసుపత్రి గోడల మీద పోస్టర్లలో ఇదే వాక్యం మళ్లీ మళ్లీ వస్తుంది. నాకు చాలాకాలంగా ఈ వాక్యం మీదే అనుమానం. బోగోలులో ఏ టీ కొట్టు దగ్గరైనా నిలబడి అడగండి. దోమ కుడితే మలేరియా వస్తుంది, డెంగీ వస్తుంది, బోదకాలు వస్తుంది అని తడుముకోకుండా చెబుతారు. నీళ్లు నిలవుంటే దోమలు పెరుగుతాయని కూడా చెబుతారు. చెప్పి ఇంటికెళ్లి, పొద్దుగూకంగానే తలుపులు మూసి, ప్లగ్గులో దోమల మందు పెట్టుకుంటారు. పెరట్లో గాబు మాత్రం అంచుదాకా నిండి ఉంటుంది.

తెలియక కాదు. మరేంటి?

నేను సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. పాత కోడ్‌లో అర్థంలేని లైన్ కనిపిస్తే వెంటనే తీసెయ్యొద్దు, అది ఎవరు ఎప్పుడు ఎందుకు రాశారో ముందు చూడు అని మా దగ్గర కొత్తవాళ్లకి చెబుతారు. మన ఇళ్లల్లో దోమల అలవాట్లు నాకు అలాంటి కోడ్‌లాగే కనిపిస్తాయి. ఒక్కో అలవాటు వెనక ఒక కాలం ఉంది, ఒక ప్రభుత్వ పథకమో కంపెనీయో ఉంది, ఒక ఫలానా జాతి దోమ ఉంది. పథకం ఆగిపోయింది, దోమ మారిపోయింది, అలవాటు మాత్రం అట్లాగే నడుస్తోంది. దాన్ని చూసి అజ్ఞానం అనడం తేలిక. అది చరిత్ర అని నా వాదన.

బోగోలు నెల్లూరు జిల్లాలో కావలికి దక్షిణంగా ఉంటుంది. తూర్పున సముద్రం. ఈ మధ్య చేపలరేవు కట్టిన జువ్వలదిన్నె ఈ మండలంలోదే. బయటివాళ్లకి బోగోలు కన్నా పక్కనే ఉన్న బిట్రగుంట ఎక్కువ తెలుసు. ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకో షెడ్డు, రైల్వే కాలనీ ఉన్న చోటు. ఆ పేరులోనే గుంట ఉంది చూడండి. నీళ్లు నిలిచే పల్లం. నెల్లూరు సీమలో గుంటతో ముగిసే ఊరిపేర్లకు కొదవలేదు. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో అక్కడ ఊరు కట్టుకున్నారు, అంతే. దోమ కూడా అదే లెక్కన స్థలం చూసుకుంటుంది.

19వ శతాబ్దం చివర్లో మద్రాసునూ బెజవాడనూ కలుపుతూ ఈ తీరం వెంబడి రైలు మార్గం పడింది. రైలు కట్ట ఎత్తుగా ఉండాలి. దానికి కావలసిన మట్టి ఇరుపక్కల నేలలోంచే తవ్వుతారు. అంటే కట్టతో పాటు మైళ్ల పొడవునా కొత్త గుంటలు పుట్టాయి. వాన నీళ్లు పారే దారికి కట్ట అడ్డం పడింది. ఇది మన తీరం ఒక్కదాని కథ కాదు. బెంగాల్‌లో ప్రజారోగ్య శాఖకు అధిపతిగా పనిచేసిన బెంట్లీ, రైలు కట్టలూ రోడ్డు కట్టలూ నీటిని ఆపడం వల్లే అక్కడ మలేరియా పెరిగిందని 1925లో ఏకంగా పుస్తకం రాశాడు. రైల్వేలకు సంగతి తెలియకపోలేదు. వాల్తేరు దాకా నడిచిన బెంగాల్ నాగపూర్ రైల్వే, మలేరియా కోసం సీనియర్ వైట్ అనే నిపుణుణ్ణి జీతమిచ్చి పెట్టుకుంది. అంటే సమస్య గుంటలో ఉందని అప్పటికే తెలుసు. పట్టించుకున్నది మాత్రం ఎక్కువగా సొంత ఉద్యోగుల కాలనీల వరకే.

జనానికి అంతకుముందు ఏం తెలుసు? మలేరియా అన్న మాటకి ఇటాలియన్‌లో చెడుగాలి అని అర్థం. యూరప్ తన జ్వరానికి గాలిని తిట్టుకుంది. మనవాళ్లు కూడా గాలి సోకిందనే అన్నారు గానీ, కొత్త ఊరికెళ్లి జ్వరం తెచ్చుకున్నవాణ్ణి చూసి 'అక్కడి నీళ్లు పడలేదు' అని కూడా అన్నారు. మన్యానికి వెళ్లొచ్చి చలిజ్వరంతో పడుకున్నవాడి గురించి ఇప్పటికీ ఆ మాటే అంటారు. తాగిన నీళ్ల వల్ల ఆ చలిజ్వరం రాదు కాబట్టి కారణం తప్పే. కానీ వేలు చూపించిన చోటు చెడుగాలి సిద్ధాంతం కన్నా నయం. జ్వరం ముదిరి ప్లీహం ఉబ్బితే 'కడుపులో బల్ల' అన్నారు. పేరు పెట్టేంతగా దగ్గరనుంచి చూసినవాళ్లే వీళ్లంతా.

గాలి నుంచి దోమకు మళ్లింది మన గడ్డ మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును కోసి, పొట్ట గోడలో మలేరియా క్రిమి పెరుగుతున్న గుర్తులు చూశాడు. ఆ దోమ కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. కుట్టించుకున్న ఒక్కో దోమకు అతనికి ఒక అణా ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. హుసేన్ ఖాన్ పేరు మాత్రం క్విజ్ పోటీల్లో తప్ప వినపడదు. సరే, అది వేరే వ్యాసం.

దోమకు నేరం రుజువైంది గానీ ఊళ్లో ఇంటి అలవాట్లు వెంటనే మారలేదు, మారాల్సిన అవసరమూ రాలేదు. ఎందుకంటే దోమను తరమడం మనకి అప్పటికే అలవాటు, జబ్బు కోసం కాదు, నిద్ర కోసం. సందెవేళ పశువుల కొట్టంలో పిడకల నిప్పు మీద పచ్చి వేపాకో వావిలాకో వేస్తారు. ఇంట్లో సాంబ్రాణి. ఆ పొగ దోమల్ని పెద్దగా చంపదు, పక్కకి తోలుతుంది. దోమతెర పట్టెమంచం ఉన్నవాళ్లది. మిగిలినవాళ్లు దుప్పటి నెత్తిదాకా కప్పుకునేవాళ్లు. ఎండాకాలమైతే నులకమంచం ఆరుబయట, గాలికి. ఇక్కడ రెండు విషయాలు గుర్తు పెట్టుకోండి. ఒకటి, దోమ మీద పోరాటానికి వేళ సాయంత్రం. రెండు, పోరాటమంటే తరమడం. ఈ రెండూ తర్వాత వచ్చిన ప్రతి కొత్త వస్తువులోకీ అలాగే దూరిపోయాయి.

డీడీటీతో కథ గోడ మీదికి ఎక్కింది. దీనికి పురుగుల్ని చంపే గుణం ఉందని స్విట్జర్లాండ్‌లో పాల్ ముల్లర్ 1939లో కనిపెట్టాడు. 1948లో నోబెల్ వచ్చింది. మన దేశంలో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అప్పటికి ఏడాదికి సుమారు 7.5 కోట్ల కేసులు, 8 లక్షల మరణాలు అని అంచనా. 1958లో పేరులోంచి నియంత్రణ పోయి నిర్మూలన వచ్చింది. లెక్క చాలా శుభ్రమైనది. మలేరియా దోమ రాత్రి రక్తం తాగాక బరువెక్కి దగ్గరున్న గోడ మీద వాలుతుంది. ఆ గోడకి మందు పూసి ఉంచితే చచ్చిపోతుంది. దోమలన్నీ చావనక్కర్లేదు. రోగిని కుట్టిన దోమ ఇంకొకరిని కుట్టేంతకాలం బతక్కపోతే చాలు. ఇంజినీరుగా చెబుతున్నా, ఇంత అందమైన డిజైన్ తక్కువగా చూస్తాం. గుంటలన్నీ పూడ్చే పని తప్పింది. రైలు కట్టను, కాలువను, పొలాన్ని, ఎవ్వరినీ ఏమీ అనక్కర్లేదు. పేదవాడి గోడ ఒక్కటి దొరికితే చాలు.

ఆ గోడే సమస్య అయింది. మందు కొట్టేవాళ్లు పంపులతో ఊళ్లోకి వస్తారు. గిన్నెలు, తిండిగింజలు, పక్కబట్టలు అన్నీ బయట పెట్టాలి. గోడంతా తెల్లటి మరక. పని అయ్యాక తేదీ వేసి స్టెన్సిల్ గుర్తు. మా జేజి కాపురానికి వచ్చిన కొత్తలో చూసిన దృశ్యం ఇది. 'రమ్మని మేమే పిలిచేవాళ్లం అబ్బయా' అంటుంది. మలేరియా భయంతోనా అంటే కాదు. 'నల్లులు చచ్చేవి. మంచం మీద కంటినిండా నిద్రపట్టేది.' జేజి చెప్పిన ఈ సంగతి తర్వాత చదువుతుంటే ప్రపంచమంతటా కనిపించింది. డీడీటీని ఎన్నో దేశాల్లో జనం ఇళ్లలోకి రానిచ్చింది నల్లుల కోసమే. కొన్నేళ్లకు నల్లులు ఆ మందుకి అలవాటుపడ్డాయి. నల్లులు చావని మందు ఎందుకని జనం తలుపులు మూశారు. ఆఫీసు కాగితాల్లో దాన్ని 'ప్రజల సహకార లోపం' అన్నారు. నల్లుల లెక్క రాసుకున్నవాళ్లు తక్కువ.

ఇంకొకటి. మట్టిగోడ అంటే మనకు ఎప్పుడూ అలుకుతూ ఉండాల్సిన గోడ. పేడ, ఎర్రమట్టి, పండగకి సున్నం. దసరాకి సున్నం పడిందంటే అంతకుముందు కొట్టిన మందు దాని కింద సమాధి. మరక పడ్డ గోడ ముందు ఏ ఇల్లాలైనా పండగ చేసుకుంటుందా? దేవుడి గూడు ఉన్న గోడకి అసలు కొట్టనివ్వరు. ఎండాకాలం రాత్రి అందరూ బయట పడుకుంటే లోపలి గోడకి మందు ఎవరి కోసం? ఆరోగ్యశాఖ పుస్తకాల్లో అలకడం ఒక అడ్డంకి. జేజి లెక్కలో అలకడమే ఆరోగ్యం, ఇల్లు శుభ్రం చేయడమంటే అదే. రెండు శుభ్రతలు ఒకే గోడ మీద తలపడ్డాయి. అలక్కూడదని చెప్పారు సరే, అలకని గోడ రాలిపోతే ఏం చేయాలో చెప్పలేదు.

అయినా డీడీటీ గెలిచింది, కొంతకాలం. 1965 నాటికి దేశంలో కేసులు సుమారు లక్షకి పడిపోయాయి, ఆ ఏడు మరణాలు నమోదు కాలేదు. అప్పట్లో ఒక మలేరియా ఉద్యోగి 15 రోజులకొకసారి ప్రతి ఇంటికీ వచ్చేవాడు. జ్వరమొచ్చిందా అని అడిగి, వేలు గుచ్చి గాజుపలక మీద రక్తపు చుక్క తీసుకుని, మాత్రలిచ్చి పోయేవాడు. ఇవాళ ఏ యాప్ కూడా అంత క్రమంగా నా గురించి అడగదు. తర్వాత ఆ పని పలచబడింది. దోమలు మందుకి తట్టుకోవడం నేర్చాయి, పరాయి దేశాల సాయం తగ్గింది, ధరలు పెరిగాయి, 1970ల్లో ఆ ఉద్యోగిని పది రకాల పనులు చేసే ఆరోగ్య కార్యకర్తగా మార్చారు. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. మరుసటేడే నిర్మూలన అన్న లక్ష్యాన్ని పక్కనపెట్టి, అదుపులో ఉంచితే చాలన్న కొత్త ప్రణాళిక వచ్చింది. 'సైలెంట్ స్ప్రింగ్' పుస్తకం వచ్చి డీడీటీని చంపేసింది, దానివల్లే మలేరియా తిరిగొచ్చింది అని ఇంటర్నెట్‌లో తిరిగే కథ మన దేశానికి అతకదు. మన దగ్గర డీడీటీ ఆగలేదు. దోమ ఆగలేదు, అంతే.

ఈ రెండు దశాబ్దాల్లో ఇల్లు నేర్చుకున్నది ఏమిటంటే, దోమ సంగతి బయటినుంచి ఎవరో వచ్చి చూసుకుంటారు అని. వాళ్లు వస్తే తలుపు తీయాలి. రాకపోతే ఫిర్యాదు చేయాలి. ఫాగింగ్ బండి రాలేదని ఇప్పటికీ మనం కౌన్సిలర్‌ని తిడుతున్నామంటే దాని మూలం ఇక్కడే ఉంది. ఆ పొగ లార్వాను ఏమీ చేయదు, ఎగురుతున్న దోమల్లో కొన్నింటిని చంపి పోతుంది. కానీ కనిపిస్తుంది, చప్పుడు చేస్తుంది, ప్రభుత్వం ఉందని తెలుస్తుంది.

మలేరియా పక్కనే ఇంకో జబ్బు, ఇంకో దోమ. తీరాంధ్రలో బోదకాలు చాలా జిల్లాల్లో ఉండేది, నెల్లూరు సహా. దోమ శరీరంలో ఒక మనిషి జబ్బు పెరుగుతుందని ప్రపంచంలో మొదట తెలిసింది బోదకాలు విషయంలోనే. 1877లో చైనాలో పాట్రిక్ మాన్సన్ కనిపెట్టాడు, రాస్ కన్నా 20 ఏళ్ల ముందు. దీన్ని మోసే క్యూలెక్స్ దోమ మురికినీళ్లది. కాలవలు, మరుగుదొడ్ల గుంటలు దాని ఇల్లు. ఈ క్రిమి పిల్లలు మనిషి రక్తంలోకి రాత్రిపూటే వస్తాయి, అర్ధరాత్రికి అటూ ఇటూ ఎక్కువగా. అందుకే ఫైలేరియా సిబ్బంది రాత్రి పది దాటాక ఇళ్లకొచ్చి నిద్రలేపి వేలు గుచ్చేవాళ్లు. అర్ధరాత్రి తలుపు కొట్టి రక్తం అడిగేవాళ్ల గురించి పిల్లల్లో ఎన్ని కథలు పుట్టి ఉంటాయో ఊహించుకోండి.

దానికి మందు ఇచ్చినవాడు మనవాడే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనకు నాయకత్వం వహిస్తున్నప్పుడు, 1947లో డైఇథైల్ కార్బమజైన్ బయటికొచ్చింది. ఆ మరుసటి ఏడే ఆయన చనిపోయాడు. 2004 నుంచి మన ప్రభుత్వాలు ఏడాదికోసారి ఇంటింటికీ పంచిన బోదకాలు మాత్ర అదే. మాత్ర తీసుకుని జేబులో వేసుకున్నవాళ్లు ఎంతోమంది. నాకు బోదకాలు లేదు కదా, మాత్ర ఎందుకు? కాలు వాచకుండానే రక్తంలో క్రిమి ఉండొచ్చని, మాత్ర మింగేది తనకోసమే కాక పక్కింటివాళ్ల కోసం కూడా అని అర్థం చేయించడం నిజంగానే కష్టం. అవగాహన అన్న మాట సరిగ్గా సరిపోయే చోటు ఏదైనా ఉంటే ఇది. క్యూలెక్స్ కోసం ఇంట్లో చేయగలిగింది కూడా ఒకటుంది. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి సన్నటి వల కట్టడం. కొన్ని రూపాయల పని. గుడ్డపీలికైనా చాలు. నేను చూసిన గొట్టాల్లో చాలావరకు బోసిగానే ఉన్నాయి.

ప్రభుత్వం తగ్గిన చోట కొట్టు వచ్చింది. దోమల చుట్ట పుట్టింది జపాన్‌లో. ఉయెయామా ఎయిచిరో అనే వ్యాపారి చామంతి జాతి పువ్వు పొడితో అగరొత్తిలాంటి పుల్లలు చేశాడు. అవి అరగంట గంటలో అయిపోయేవి. పామలా చుట్టగా చేస్తే రాత్రంతా కాలుతుంది కదా అన్నది ఆయన భార్య యుకీ. మన దగ్గరికి అది తాబేలు బొమ్మతో, ఆ తర్వాత ఇంకెన్నో పేర్లతో వచ్చింది. వేపాకు పొగ అలవాటున్న ఇంట్లోకి చుట్ట రావడానికి ఎవరూ ప్రచారం చేయనక్కర్లేకపోయింది. అదే సందెవేళ, అదే పొగ, అదే తరమడం. 1980ల్లో గుడ్ నైట్ బిళ్ల వచ్చింది, ఆ వెనకే ఆల్ అవుట్ సీసా. పొగ పోయి వాసన మిగిలింది. తర్వాత బ్యాట్. దోమ టప్‌మని పేలితే వచ్చే తృప్తి వేరు, ఒప్పుకుంటాను. ఒక చుట్ట కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో ఒక పరిశోధన లెక్కగట్టింది. మూసిన గదిలో, పసిబిడ్డ మంచం కింద. గుడ్ నైట్ అనే పేరులోనే ఉంది చూడండి, ఇవన్నీ రాత్రి దోమ కోసం చేసిన వస్తువులు.

2005 చివర్లో కొత్త జ్వరం వచ్చింది. రాయలసీమ వైపు మొదలై కొద్ది నెలల్లో రాష్ట్రం దాటింది. నిజానికి కొత్తది కాదు. 1960ల్లో మద్రాసులోనూ మన కోస్తా పట్టణాల్లోనూ వచ్చి, 1973 తర్వాత దేశంలో కనపడకుండా పోయి, మూడు దశాబ్దాలకి తిరిగొచ్చింది. 2006 ఒక్క ఏడాదిలోనే దేశంలో 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు. ఇంటికిద్దరు ముగ్గురు మంచాన పడ్డారు. నడుము పట్టుకుని గోడ ఆసరాతో నడిచే మనుషులతో వీధులు నిండాయి. ఆ పేరు టాంజానియాలోని మకొండే భాషది, వంగిపోయేలా చేసేది అని అర్థం. మనవాళ్లు దాన్ని 'చికెన్ గున్యా' చేసుకున్నారు. అదే ఏడాది బర్డ్ ఫ్లూ వార్తలు కూడా రావడంతో కోడికూర మానేసినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. నవ్వొచ్చే మాటే. కానీ పేరు పరాయిదై, కారణం ఎవరూ సరిగా చెప్పకపోతే మనిషి చేతికందిన అర్థం పట్టుకుంటాడు. మాల్ ఏరియా అన్న ఇటాలియన్లు చేసిందీ అదే.

చికున్‌గున్యానీ డెంగీనీ మోసేది ఈడిస్ దోమ. ఒంటి మీద నలుపు తెలుపు చారలు. దీని వ్యవహారం పాత రెండు దోమలకీ పూర్తిగా తలకిందులు. పగలు కుడుతుంది. పొలంలోనో కాలవలోనో కాదు, ఇంట్లోనే, మనం తాగడానికీ వాడుకోవడానికీ పట్టిపెట్టుకున్న మంచినీళ్లలో పెరుగుతుంది. గాబు, తొట్టి, గోళెం, డ్రమ్ము, కూలరు, పెరట్లో వాడకం పోయిన రోలు, కొబ్బరిచిప్ప, టైరు. గుడ్లు నీళ్లలో పెట్టదు, నీటి అంచున పాత్ర గోడకి అతికిస్తుంది. నీళ్లు పారబోసినా గుడ్లు ఎండి నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. గుడ్డు నుంచి దోమకు వారం పది రోజులు. మందు కొట్టిన గోడ మీదకంటే మంచం కింద, చీరల వెనక వాలడమే దీనికి ఇష్టం. గోడ సిద్ధాంతం దీని మీద పెద్దగా పనిచేయదు, మురికి సిద్ధాంతమూ పనిచేయదు. ఇల్లు ఎంత శుభ్రంగా ఉన్నా గాబులో తేటనీళ్లుంటే చాలు. సందెవేళ తలుపులు మూసి ప్లగ్గు పెట్టేసరికి దీని భోజనం దాదాపు అయిపోయి ఉంటుంది.

అంటే ఇన్నేళ్లుగా ఇల్లు నేర్చిన విద్య అంతా ఒకే దెబ్బకి తప్పు వేళకి, తప్పు చోటికి అయింది.

మరి గాబు ఎందుకు నింపుతారు? ఇక్కడే నాకు కోపం వస్తుంది. కొళాయి ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి నింపుతారు. సముద్రానికి దగ్గరి ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పన. మంచినీళ్లు వచ్చిన గంటలో ఇంట్లో ఉన్న ప్రతి పాత్రా నింపుకోవడం బతుకు తెలివి. వారానికోసారి పాత్రలన్నీ ఖాళీ చేసి, పీచుతో రుద్ది, ఎండబెట్టమని చెబుతారు. మన రాష్ట్రంలో దానికి శుక్రవారం పెట్టి డ్రై డే అన్నారు. మంచి సలహానే, జీవశాస్త్రం ప్రకారం వారం గడువు సరైనదే. ఒకసారి మా చిన్నమ్మకి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఓపిగ్గా విని, 'పారబోస్తే రేప్పొద్దున నీళ్లు నువ్వు మోసుకొస్తావా?' అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రుద్దే పని ఎవరు చేస్తారో కూడా చూడండి. చుట్ట కొనేది ఎవరైనా కావచ్చు, గాబు రుద్దేది మాత్రం ఆడవాళ్లే. అవగాహన సదస్సు అని మనం పిలిచేది చాలావరకు ఆడవాళ్లకి ఇంకో పని అప్పజెప్పే సభ. నీళ్లలో వేసే అబేట్ మందు సంగతీ అంతే. సరైన మోతాదులో తాగేనీళ్లకి కూడా ప్రమాదం లేదంటారు, కానీ వాసన వచ్చే నీళ్లు ఎవరు తాగుతారు? మందు వేసినవాళ్లు వీధి మలుపు తిరగ్గానే పారబోసేస్తారు. మొత్తానికి పాత్ర అప్పుడు ఖాళీ అయినట్టే, అది వేరే సంగతి.

ఇంటిదే తప్పు అనే ధోరణికి చట్టం కూడా ఉంది. నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే, 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది. అందులో దోమల నివారణకు ఒక అధ్యాయమే కేటాయించారు. తన స్థలంలో దోమలు పెరిగేలా నీళ్లు నిలవనిస్తే ఆ బాధ్యత యజమానిది. ఆంధ్ర ప్రాంతానికి తర్వాత కూడా అదే చట్టం కొనసాగింది. చదివితే సబబుగానే ఉంటుంది. కానీ రోడ్డు వేయడానికి తవ్వి వదిలేసిన గుంటకి, పూడిక తీయని కాలవకి యజమాని ఎవరు? 2016 సెప్టెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం 'దోమలపై దండయాత్ర' ప్రకటించింది. ర్యాలీలు, ప్రతిజ్ఞలు, బడిపిల్లలు పట్టుకున్న బ్యానర్లు. దండయాత్ర అనే మాటలోనే 1958 నాటి నిర్మూలన గాలి ఉంది. శత్రువు మీదికి పోయి గెలిచి రావడం. దోమ విషయంలో అలా గెలిచి ఇంటికొచ్చినవాళ్లు తక్కువ.

వేరేలా చేసినవాళ్లు లేకపోలేదు. 1983లో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో వి.పి. శర్మ నాయకత్వంలో మలేరియా పరిశోధన కేంద్రం మందు కొట్టకుండా మలేరియాను తగ్గించే ప్రయోగం మొదలుపెట్టింది. గుంటలు పూడ్చారు, కొళాయిల దగ్గర ఇంకుడుగుంతలు తవ్వారు, నీళ్లలో గప్పీ చేపలు వదిలారు, పూడ్చలేని చెరువుల్లో అమ్ముకోవడానికి చేపలు పెంచారు, చిత్తడి నేలల్లో చెట్లు నాటారు. ఇళ్లకి పొగరాని పొయ్యిలు కూడా ఇచ్చారు, దోమతో ఏ సంబంధం లేకపోయినా. నాకు ఆ పొయ్యి సంగతే బాగా నచ్చింది. మీ గోడ మాకు కావాలి అని వచ్చినవాళ్లకీ, మీకేం కావాలి అని అడిగినవాళ్లకీ తేడా అది. దీన్ని దేశమంతా చేయగలమా అని అప్పుడే విమర్శలు వచ్చాయి. చాలామంది మనుషులు, చాలా ఓపిక కావాలి. నిజమే. 15 రోజులకొకసారి ప్రతి ఇంటి తలుపూ కొట్టిన దేశం ఇదే కదా అని మాత్రం నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇంటింటికీ వచ్చి పాత్రల్లోకి టార్చి వేసి చూస్తారు. వాళ్లు సేకరించిన దాన్నుంచి మూడు సూచికలు లెక్కగడతారు. చూసిన ప్రతి 100 ఇళ్లలో ఎన్నింట్లో లార్వా ఉంది, చూసిన ప్రతి 100 పాత్రల్లో ఎన్నింట్లో ఉంది, ప్రతి 100 ఇళ్లకి లార్వా ఉన్న పాత్రలు ఎన్ని. మూడోదాన్ని బ్రెటో సూచిక అంటారు. ప్రపంచమంతటా ఇవే వాడతారు, కొలవడానికి తేలిక, ఊరికీ ఊరికీ పోల్చడానికి పనికొస్తాయి. ఆ వీధిలో కొళాయి నీళ్లు ఎన్ని రోజులకొకసారి వచ్చాయన్న లెక్క ఆ మూడింటిలో దేనిలోనూ లేదు. ఆ లెక్క ఉండేది ఇంకో శాఖ రిజిస్టర్‌లో.